పిల్లలు లేరంట గదా

తెలంగాణ వచ్చిన యేడాదే నా బిడ్డ పుట్టింది. మా అమ్మగారింట్ల అప్పటికింక మగ్గాలు నడుస్తుండె. బొంత పరిచి మగ్గం పక్కన పండవెడితే ఆ సప్పుడుకు హాయిగ నిద్రపోయేది. సప్పుడు ఆగితే లేసి ఏడ్సేది. సాలోళ్ల బిడ్డ గదా, పుట్టుకతోనే పని నేర్సుకుంటాందని మా అమ్మ మురిసిపోయేది. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూస్తలేదని మాకు తెలిసేవరకు చాన రోజులైంది. మూడేండ్లు దాటినా మాట రాలే. హైదరాబాద్ డాక్టరు ఆటిజం అన్నడు. ఆ మాట మా ఇంట్ల ఎవ్వరికీ నోరు తిరగలే. నేనొక్కదాన్నే అనుకుంట అనుకుంట అలవాటు చేసుకున్న.

ఐదేండ్లప్పుడు ఇంకోటి మీద పడ్డది. చెంబులకు చెంబులు నీళ్లు తాగేది, పక్క తడిపేది, సూస్తుండంగనే బక్కగయింది. మాట లేని పిల్ల, తనకేమైతాందో ఎట్ల చెప్తది? ఒకనాడు ఊపిరి ఎగపోసుకుంట కండ్లు తేలేసింది. నల్లగొండ దవాఖానకు, ఆడికెళ్లి హైదరాబాద్‌కు ఉరికినం. షుగర్ అన్నరు. గింత చిన్న పిల్లకు షుగరేందని మా ఆయన డాక్టరు మీదికి పోయినంత పని చేసిండు.

అప్పటి సంది తినే ముందల్లా వేలు పొడిచి రక్తం సుక్క చూడాలె, చూసి ఇన్సులిన్ సూది ఇయ్యాలె, సూది ఇచ్చినంక ఏమైనా సరే తినిపియ్యాలె. తినకపోతే షుగర్ పడిపోతది. వేరే పిల్లలైతే అమ్మా కండ్లు తిరుగుతున్నయి అంటరు. నా బిడ్డ అనదు. తను ఎప్పుడూ ముక్కుతోని సన్నగ ఒక రాగం లాంటిది తీస్తనే ఉంటది. షుగర్ పడిపోతే ఆ రాగం ఆగుతది, పై పెదవి మీద చెమట పడ్తది. గంతే గుర్తు.

ఆ గుర్తు తెలిసినోళ్లు లోకంల ముగ్గురే. నేను, మా ఆయన, మా అక్క.

అక్క నాకంటె చాన పెద్దది. నకిరేకల్‌ల ఉంటది, బావకు రోడ్డు మీద బట్టల దుకాణం. బిడ్డ దవాఖానల ఉన్నన్ని రోజులు అక్క నా పక్కనే ఉన్నది. నర్సమ్మ బత్తాయిపండు మీద సూది గుచ్చుడు నేర్పుతుంటె నేను చూడలేక మొఖం తిప్పుకున్న. అక్క ముందుగాల నేర్సుకుని, నా చెయ్యి పట్టుకుని నాకు నేర్పింది. చుట్టాలు ఒక్కొక్కరు మమ్మల్ని పిలుసుడు బంద్ చేసిన్రు. పెండ్లిల పిల్ల చెవులు మూసుకుని అరుస్తదని, పదిమందిల సూది తియ్యొద్దని. అక్క మాత్రం ఎన్నడు గట్ల అనలే. "ఫికర్ చెయ్యకు చెల్లె. నీ తర్వాత నేనున్న. నేను పోతె నా బిడ్డ ఉంటది" అనేది. ఆ మాట పట్టుకునే నేను ఎన్నో రోజులు కంటినిండ నిద్రపోయిన.

అక్క బిడ్డకు మహబూబ్‌నగర్ సంబంధం వచ్చింది. పిలగాడు, పిల్ల ఒకరినొకరు చూసుకున్నరు, నచ్చిన్రు. మాట ఖాయం చేసుకోనీకి పిలగాని తల్లిదండ్రులు, నలుగురు పెద్దమనుషులు వస్తున్నరని అక్క ఫోన్ చేసింది. నా బిడ్డకు అప్పటికి తొమ్మిదేండ్లు. మా ఆయనను పంపి నేను ఇంట్లనే ఉంట అన్న. "తోల్కరా చెల్లె, చూసుకోనీకి నేను లేనా?" అన్నది.

పొద్దుగాల్నే పోయినం. నన్ను వంటింట్ల వంకాయకూర కాడ నిలవెట్టింది. అన్నం యాళ్లకు బిడ్డకు నేనే సూది ఇచ్చిన. "నువ్వు పొయ్యి కాడ ఉండు, నేను పైన అర్రల కూసోవెట్టి తినిపిస్త. కింద లొల్లికి తట్టుకోదు" అని అక్క పప్పన్నం కలుపుకుని పోయింది. మా ఆయన బిడ్డను ఎత్తుకుని ఆమె ఎనక మెట్లెక్కిండు. లొల్లికి దూరంగ ఉంచుడు మంచిదేనని నేను గూడ అనుకున్న.

మహబూబ్‌నగరోళ్లు అనుకున్నదానికంటె ముందే వచ్చిన్రు. అక్క దిగొచ్చింది. "బిడ్డ తిన్నదా?" అని అడిగిన.

"తిన్నది. పండుకున్నది" అన్నది, మంచినీళ్ల గ్లాసులు సదురుకుంట.

అందరికీ వడ్డించినం. తింటుండంగ పిలగాని తల్లి నన్ను పిలిచి పక్కన కూసోవెట్టుకున్నది. మనిషి నిమ్మలంగ మాట్లాడుతది.

"పిల్లకు చిన్నమ్మవు నువ్వేనా? కూర నువ్వే చేసినవట, మస్తు కుదిరింది."

నేను నవ్విన. ఆమె నా చెయ్యి మీద చెయ్యేసింది.

"మనసుల పెట్టుకోకు బిడ్డా. మా తోటికోడలికి గూడ చాన లేటుగయిన్రు. ఇప్పుడు మంచి మంచి డాక్టర్లున్నరు."

నాకు అర్థం గాలే. "ఎవరికమ్మా?" అన్న.

"నీకే. పిల్లలు లేరంట గదా. మీ అక్క చెప్పుకుంట కండ్లనీళ్లు పెట్టుకున్నది."

అక్క గా మూలకు నిలవడి పెరుగు వడ్డిస్తాంది. ఆమెకు ఇనవడ్డది. ఇటు చూడలే. నేను మా ఆయన దిక్కు చూసిన. మొగోళ్ల వరసల కూసున్నడు. ఆయనకు గూడ ఇనవడ్డది. ఇస్తారిల మెతుకులు ఒక దగ్గరికి జరుపుకుంట తల వంచుకున్నడు. ఆ తల వంచుడుతోనే నాకు సమజైంది. ఎరిగే ఊకున్నడు.

"చెల్లె, జర లోపలికి రా" అని అక్క నా రెక్క పట్టుకుని వంటింట్లకు గుంజుకపోయింది.

"ఒక్క పూట ఓర్సుకో, నీ కాళ్లు మొక్కుత. ఇంట్ల గిట్లాంటి పిల్ల ఉన్నదంటె రేపు నా బిడ్డకు పుట్టేటోళ్లు గూడ గట్లనే ఉంటరేమో అంటరు. మొన్నొచ్చిన సంబంధం అందుకే పోయింది. పెండ్లయినంక నేనే చెప్పుకుంట."

"ఉన్న బిడ్డను లేదన్నవా అక్కా?"

"నీకు చెప్తే ఒప్పుకోవు. మీ ఆయనకు చెప్పే అన్న. సరే అన్నడు."

అప్పుడు పైన అర్ర యాదికొచ్చింది. సూది ఇచ్చి ఎంతసేపయిందో. "బిడ్డ తిన్నది గదా?" అన్న.

అక్క పైకి చూసింది. "పళ్లెం ముందట పెట్టిన... వాళ్లొచ్చిన్రని దిగొచ్చిన. తనే తింటదనుకున్న."

తనే తినదని అక్కకు తెలుసు. పక్కన మనిషి కూసుంటె తప్ప ముద్ద ముట్టదని, నా తర్వాత అంత బాగ ఎరిగినామె అక్కనే.

మెట్లు ఎట్ల ఎక్కిన్నో యాదికి లేదు. అర్ర తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉన్నది. లోపల మంచం పక్కన కింద పడి ఉన్నది నా బిడ్డ. రాగం లేదు. మొఖం నిండ చెమట, చేతులు మంచుగడ్డలు. పళ్లెంల అన్నం పెట్టింది పెట్టినట్టే ఉన్నది. నేనేసిన కేకకు మా ఆయన మందుల సంచి పట్టుకుని ఉరికొచ్చిండు. గ్లూకోజు తడిపి దవడ లోపల రాసుకుంట కూసున్న. కొంచెం కొంచెం మింగింది. జరసేపటికి రెప్పలు కదిలినయి. ఇంకా సేపటికి ముక్కుల నుంచి సన్నగ రాగం మొదలైంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన నా భుజం పట్టుకున్నడు. "ఎనక మెట్ల నుంచి దిగి పోదాం" అన్నడు.

ఆ ఒక్క మాట అనకుండ ఉంటె బాగుండు. బిడ్డ ఎదిగింది, నాకు ఎత్తితే నడుము వంగుతది. అయినా ఎత్తుకున్న. ముందు మెట్లు దిగి, అందరూ కూసున్న హాలు నడిమిట్లకెళ్లి నడిచి పిలగాని తల్లి ముందల నిలవడ్డ.

"అమ్మా, ఇది నా బిడ్డ. మాట రాదు. షుగర్ ఉన్నది. ఇయ్యాల పైన అర్రల పెట్టి గొళ్లెమేసిన్రు."

ఆమె లేసి నా బిడ్డ చెమట మొఖం చూసింది. తుడుద్దామని కొంగు ఎత్తి, బిడ్డ మొఖం పక్కకు తిప్పుకుంటె ఆగిపోయింది. అక్క దిక్కు తిరిగి, "వదినె, గీ పసిదాన్ని దాస్తే ఇంకేం దాసిన్రో మేమెట్ల నమ్మాలె?" అన్నది. ఫోన్ చేస్తమని చెప్పి వాళ్లు లేసిన్రు. అక్క నన్ను చూసిన చూపు చూడాలె. నేనే ఆమె బిడ్డను అర్రల పెట్టి గొళ్లెమేసినట్టు.

బస్సుల మా ఆయన బిడ్డను ఒడిల పండవెట్టుకున్నడు. ఊరు దాటినంక అడిగిన.

"నువ్వు గూడ లేరన్నవా?"

"నేనేమనలే. ఊకున్న. ఒక్క పూటే గదా అనుకున్న."

"గొళ్లెం ఎవరు పెట్టిన్రు?"

కిటికీల నుంచి చూసుకుంట కూసున్నడు.

సంబంధం తప్పలే. అక్క బిడ్డ తానే పిలగానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. వాళ్లు ఒప్పుకున్నరు. పత్రిక పట్టుకుని, కుంకుమ భరిణె తీసుకుని అక్క మా ఇంటికొచ్చింది. బొట్టు పెట్టి ఏడ్సింది. "అన్నం తినిపియ్యకుండ దిగొచ్చుడు నాది పెద్ద తప్పు చెల్లె" అన్నది.

"పిల్లలు లేరన్నందుకు?" అన్న.

కండ్లు తుడుసుకుంది. "ఏ తల్లయినా గంతే గదా" అన్నది. చాయ్ తాగి పోయింది.

పెండ్లికి బిడ్డను తోల్కనే పోయిన. చెవులకు దూది పెట్టి ముందు వరసల కూసోవెట్టిన. పెండ్లికూతురు చిన్నమ్మా అని పిలిచి, చెల్లె అనుకుంట నా బిడ్డను పక్కన నిలవెట్టుకుని ఫోటో దిగింది. అక్క గూడ ఆ ఫోటోల ఉన్నది. చూసినోళ్లంత అక్కచెల్లెండ్లు కలిసిపోయిన్రని సంబురపడ్డరు. ఫోన్లు నడుస్తున్నయి, మంచిచెడ్డలు అడుగుతది, చెప్త. బిడ్డను మాత్రం ఆమె చేతికి ఇడువలే. నా తర్వాత బిడ్డకు ఎవరు అన్న మాటకు ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు.

అక్క సంగతి నలుగురికి తెలుసు కాబట్టి ఆమె మీద కోపం తెచ్చుకునుడు నాకు సులువుగనే ఉన్నది. మా ఆయన సంగతి ఎవ్వరికీ తెల్వదు. పొద్దున లేసి బిడ్డ వేలు ఆయనే పొడుస్తడు, నొప్పి గాకుండ ఊదుతడు, బడి దాక బండి మీద దింపి డ్యూటీకి పోతడు. గసొంటి తండ్రి ఎవరికి దొరుకుతడని మా వాడకట్టోళ్లు అంటరు. నిజమే, నేను గూడ కాదనను. కాని ఎవరన్న చుట్టం ఆయనను పక్కకు పిలిచి మెల్లగ ఏదన్న మాట్లాడుతుంటె, చేస్తున్న పని ఇడిచిపెట్టి ఆయన తల దిక్కు చూస్త. అది సరే అన్నట్టు ఊగుతాందా, ఊగుతలేదా అని.