బూట్లకు రాసిన నూనె

మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే వరుసలో ఒక జత పరుగు బూట్లు కనిపించాయి. పైబట్ట మేజోడులా మెత్తగా, వలలా అల్లి ఉంది. వంగి బొటనవేలితో నొక్కి చూశాను. ఎవరివో ఏమో, చూసినవాళ్లు ఏమనుకున్నారో. ఆ మెత్తదనం తగిలితే నా చెయ్యి ఇప్పటికీ మడమ దగ్గర పట్టు ఉందా అని వెతుకుతుంది.

మా చెల్లెలు పోలీసు సెలక్షన్‌కు వెళ్లిన ఏడాది గుర్తొస్తుంది. ఆసారి తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది. నారాయణఖేడ్ కాలేజీ మైదానంలో ఎప్పుడూ గట్టి కాన్వాసు బూట్లతో ఉరికేది. అవి వేళ్లకు బొబ్బలు లేపేవి గానీ పాదాన్ని పిడికిట్లో పట్టినట్టు ఉంచేవి. అవి చిరిగిపోతే మా చర్చి సంఘం ఆడవాళ్లంతా కలిసి హైదరాబాద్ నుంచి కొత్తవి తెప్పించారు. చెల్లెలి పాదం ముందు వెడల్పు, మడమ సన్నం. కొత్తవాటి మెత్తటి పైబట్ట వేళ్లకు హాయిగా సాగింది. మలుపు తిరిగితే మాత్రం పాదం పక్కకు ఒరిగేది. బైబిల్లో గొర్రెల కాపరి ఒకడు యుద్ధానికి రాజు తొడిగిన కవచంలో నడవలేక విప్పేసిన సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. అయినా ప్రార్థన చేసి ఇచ్చిన కానుకను కాదనే అలవాటు మాకు లేదు.

సెలక్షన్ రోజు మొదటి బస్సెక్కి అమ్మ, చెల్లెలు, నేను ముగ్గురం సంగారెడ్డి చేరాం. మైదానంలో నాలుగడుగులు ఉరికి చెల్లెలు ఆగిపోయింది.

"కాలు లోపల్నే జారుతుందే అక్కా. మడిమ నిలుస్తలేదు. నిన్న గిట్ల లేకుండె."

అమ్మ కొంగు సరిచేసుకుంది. "నిన్న పొద్దుగూకంగ ప్రార్థన నూనె రాసిన బిడ్డా. పైన రాసిన, లోపట గూడ రాసిన."

రోగి నుదుటికి, కొత్త ఇంటి గడపకు, పరీక్షకు పోయే పిల్లల చేతులకు ఆ నూనె రాస్తాం. బూట్లకు రాయడం అదే మొదలు.

"నా నెత్తికి రాస్తె అయిపోవు గదనే అమ్మా."

"ఉరికేది నెత్తా?"

ఎవరికీ నవ్వు రాలేదు. అవతల పేర్లు పిలుస్తున్నారు. చెల్లెలు బూట్లు విప్పి, పిడికెడు దుమ్ము లోపల రుద్ది, అమ్మ కొంగుతోనే తుడిచింది. వేళ్ల దగ్గర లేసు వదులు చేసి, ఎన్నడూ వాడని పై చివరి రంధ్రంలోంచి లాగి, చీలమండ దగ్గర బిగించి ముడేసింది. పోయి గీత దగ్గర నిలబడింది.

తొలి మలుపులో ఆమె కుడికాలు బయటికి ఒరిగింది. నా ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు. మడమ పట్టు వదల్లేదు. గడియారం పట్టుకున్న పోలీసాయన పాసైనవాళ్ల వరుస వైపు చెయ్యి చూపించాడు. ఆ వరుసలో ఆమే చివరిది.

నూనె వల్లనని అమ్మ, లేసు వల్లనని చెల్లెలు చాలా ఏండ్లు వాదించుకున్నారు. నేను ఇద్దరి మాటా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. అమ్మ ప్రభువు దగ్గరకు పోయింది. చెల్లెలు ఇప్పుడు డ్యూటీకి పోయేముందు లేసు పై రంధ్రం దాకా బిగిస్తుంది. ఆ తర్వాత ప్రార్థన నూనె సీసాలో వేలు ముంచి నెత్తికి రాసుకుంటుంది. వాదించిన అమ్మను కాలం తీసుకుపోయింది గానీ, ఆమె వంతు వాదన మాకే వదిలి పోయింది.