బీడీ దెబ్బకు పడిపోయిన ట్యాంకు

నిన్న మా మిక్సీ బాగుచేస్తూ మెకానిక్ సోల్డరింగ్ కడ్డీని సీసానికి తాకించాడు. గుప్పున లేచిన ఆ పొగ వాసనకు స్టేషన్ ఘన్‌పూర్ రేడియో మెకానిక్ యాకయ్యన్న నా కళ్లముందు నిలిచాడు. ఎనభైలలో నేను అక్కడి హైస్కూల్లో కొత్త సైన్సు టీచరును. వయసు చిన్నది, నోరు పెద్దది. జనగామ సైన్సు ప్రదర్శనలో రెండు బొమ్మ ట్యాంకులతో యుద్ధం చేయిస్తానని స్టాఫ్‌రూములో గొప్పలు పోయాను. కంటికి కనిపించని పరారుణ కాంతితో ఒకటి కాలుస్తుంది. తగిలితే రెండోది టక్కున ఆగి ఎర్రబల్బు వెలిగిస్తుంది. "నవ్వులపాలైతే మాత్రం ల్యాబుకు తాళమే. వచ్చే ఏడు చార్టులు గీసుకోవాలె" అన్నారు హెడ్మాస్టరు గారు.

లెక్కలు నావి, చేతులు యాకయ్యన్నవి. పాత రేడియోల సామానుతో, రిమోటుతో నడిచేటట్టు ఆయనే వాటిని తయారుచేశాడు. దుమ్ము పడుతుందని ఆయన కొట్టుకు ఎప్పుడూ గోనెపట్టా దించే ఉండేది. ఆ చీకట్లోనే నెల రోజులు పరీక్షించాం. కాల్చిన ప్రతిసారీ తగిలింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

బడి వరండాలో హెడ్మాస్టరు గారికి చూపించే రోజు రానే వచ్చింది. ట్యాంకు ఇంకా కదలనే లేదు, పక్కనే నిలబడ్డ అటెండరు రాజయ్య బీడీ కోసం అగ్గిపుల్ల గీశాడు. టక్! ఎర్రబల్బు వెలిగింది.

"ఓయమ్మో, గిది యుద్ధానికి పోతదా! బీడీకే సచ్చె!" అని హెడ్మాస్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. రాజయ్యను మింగేసేలా చూశాను.

యాకయ్యన్న మాత్రం సంబరపడిపోయాడు. "రాజన్నా, జర ఇంకో పుల్ల గీయే" అన్నాడు. ట్యాంకు మళ్లీ చచ్చింది. "పరేషాన్ గాకు టీచరమ్మా. నిప్పుల కూడ గదే కాంతి ఉంటది గదా! మనం దీన్ని చీకట్ల తప్ప ఏడ చూసినం?"

పాఠం చెప్పే నాకే ఆ ముక్క తట్టనందుకు సిగ్గేసింది.

మర్నాడే ఆయన గోనెపట్టా పైకి చుట్టేసి, ట్యాంకును ఊరి మీదికి తోలాడు. చాయ్ హోటలు పొయ్యి, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు, రాజయ్య బీడీ, దేన్నీ వదల్లేదు. అది పడిపోయినప్పుడల్లా "శెభాష్!" అనేవాడు. చివరికి కాల్చే కాంతి గబగబా మినుకుమనేటట్టు మార్చి, ఆ మినుకులకే ఎదుటిది పడిపోయేటట్టు చేశాడు. నిప్పు భయం తీరింది. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే మాత్రం దానికి దెబ్బ తెలిసేది కాదు. ఆ రోగానికి మాకు మందు దొరకలేదు.

జనగామలో షామియానా కింద ట్యాంకులు అదరగొట్టాయి. "ఇది ఎక్కడైనా ఫెయిలవుతుందా?" అని అడిగారు బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి. హెడ్మాస్టరు గారు నావైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.  నేను ట్యాంకులు రెండూ ఎత్తుకెళ్లి ఎర్రటెండలో పెట్టి కాల్చాను. తగల్లేదు.

రెండో బహుమతి వచ్చింది. ల్యాబుకు తాళం పడలేదు. తిరుగు బస్సులో యాకయ్యన్న మెల్లగా నావైపు వంగాడు.

"నేనైతే ఏడ ఫెయిల్ గాదని దబాయిస్తుంటి, టీచరమ్మా" అన్నాడు.

నేను గిరుక్కున ఆయనవైపు తిరిగాను. ఆయన ముసిముసిగా నవ్వాడు. నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే, అది ఎక్కడ చెడుతుందో ఇవాళ్టికీ ముందు నేనే చెబుతాను. ఆ ధైర్యం, ట్యాంకు పడిపోయిన ప్రతిసారీ "శెభాష్!" అన్న ఆయన ఇచ్చిందే. ఇచ్చినట్టు ఆయనకే తెలియదు.