నడుం దాకా మనుషులు

మొన్న మా ఫ్లాటులో వంటింటి సింకు కింద పైపు కారుతుంటే ప్లంబరు వచ్చాడు. సంచిలోంచి తెల్లదొకటి, నల్లదొకటి రెండు ముద్దలు తీసి, చపాతీ పిండిలా కలిపి పిసకడం మొదలుపెట్టాడు. కాస్త చేపల బజారు, కాస్త ఆసుపత్రి కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగిలేసరికి నేను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. "గట్టిపడిందంటే సుత్తెట్టి కొట్టినా ఊడదండి," అన్నాడతను, తనే కనిపెట్టినంత గర్వంగా. నాకు తెలియదా! ఆ ముద్దతో మనుషుల్ని చేసిన ఇంట్లో పెరిగి పెద్దయ్యాను.

పెరగడమంటే డిగ్రీ చదివిన రోజులు లెండి. తొంభైలు చివరికొస్తుండగా నన్ను ధవళేశ్వరంలో అమ్మమ్మగారింట్లో పెట్టారు. రాజమండ్రిలో కాలేజీ, ఇక్కడ ఇల్లు, మధ్యలో బస్సు. ఈ మూడూ కాక నాలుగోది ఏదైనా ఉందని నాకు తెలియడం అమ్మమ్మకి ఇష్టం లేదు. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, వీధిగుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళందర్నీ ఆరా తీసేది. ఇల్లు మాత్రం చల్లగా, విశాలంగా ఉండేది; వెనకవైపు నాలుగడుగులేస్తే కాలవ రేవు. అయినా నాకు ఊపిరాడేది కాదు. అలా కింద నేనొక బందీని, మేడ మీద గదిలో మా చిన్నమావయ్య ఇంకో బందీ. నన్ను కాపలా కాయడానికి అమ్మమ్మ ఉండేది. ఆయన్ని ఎవరూ కాయక్కర్లేదు, తనే కదిలేవాడు కాదు.

మావయ్య మిలిటరీలో ట్యాంకు నడిపేవాడు. యుద్ధానికైతే వెళ్ళలేదు. ఎడారిలో కసరత్తులు జరుగుతుండగా ఆయన ట్యాంకు ఇసకదిబ్బ మీంచి తలకిందులై, తల బయటపెట్టే మూత ఇసకలో కూరుకుపోయింది. తవ్వి బయటికి తీసేసరికి పొద్దువాలిందట. ఒంటి మీద గీత కూడా పడలేదు గాని, ఆ తర్వాత మూసి ఉన్నదేదీ ఆయనకి పడలేదు. మిలిటరీవాళ్ళూ ఎంతకాలమని చూస్తారు, ఇంటికి పంపేశారు. అమ్మమ్మ మాత్రం ఇరుగుపొరుగుతో "సరిహద్దులో పోరాడి వచ్చాడండీ మావాడు" అనే చెప్పేది. ఏ సరిహద్దు, ఎవరితో అని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. పోరాడి వచ్చినవాడు రాగానే చేసిన పని, మేడగది తలుపులు ఊడదీసి గోడకి చేరెయ్యడం. వానాకాలం జల్లు మంచం దాకా కొట్టినా కిటికీ వేయనిచ్చేవాడు కాదు. ఒకసారి అమ్మమ్మ పోరు పడలేక రాజమండ్రి బస్సెక్కాడు. కండక్టరు ధనామని తలుపు వేశాడో లేదో కేక పెట్టి, బస్సాపించి, దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ రోజు నుంచీ భోజనానికి కూడా మేడ దిగడం మానేశాడు. కంచం నేనే పైకి పట్టుకెళ్ళేదాన్ని.

వెళ్ళని యుద్ధాన్ని ఆయన ఆ గదిలో బల్ల మీద చేసుకునేవాడు. తను పుట్టకముందు ఎప్పుడో జరిగిన యుద్ధం నాటి ట్యాంకు బొమ్మ అది. అట్టముక్కలతో ఒళ్ళు, పేస్టు మూతలతో చక్రాలు, అయిపోయిన పెన్ను రీఫిల్లుతో ఫిరంగి. దాని చుట్టూ కూలిన ఊరు. ఆ శిథిలాల కోసం మేడ మీది పిట్టగోడ పెచ్చులు ఊడబెరికి, అమ్మమ్మ చేత తిట్లు తిన్నాడు. సిపాయిలు బొటనవేలంత ఉండేవారు. సన్నటి తీగతో ఎముకలు వంచి, దానికి ఈ పైపుల ముద్ద పట్టించి, ఆరేలోగా సూదితో బట్టల మడతలు, బూట్ల లేసులు గీసేవాడు. కళ్ళు పెట్టే పని నాది. నా కాటుకలో గుండుసూది ముంచి పెట్టేదాన్ని. ఒకడు బీడీ వెలిగించుకుంటూ, ఒకడు బూటు విప్పి రాయి దులుపుకుంటూ ఉండేవాళ్ళు తప్ప, తుపాకీ ఎత్తినవాడు ఒక్కడూ లేడు. "యుద్ధం ఏదీ మావయ్యా, అందరూ బస్సు కోసం చూస్తున్నట్టున్నారు?" అంటే నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే నేను అలాంటివి వెతుక్కుని మరీ అడిగేదాన్ని.

ట్యాంకులోంచి పైకి లేచి నిలబడ్డవాళ్ళకి మాత్రం నడుం కింద ఏమీ చేసేవాడు కాదు. లోపలున్నది ఎవరికీ కనబడదు కదా, ముద్ద దండగ. అలా ఇద్దర్ని చేసి పైన అంటించేశాడు. మిగిలింది ముందువైపు డ్రైవరు. వాడి మూత తెరిచే పెట్టాడు గాని వాడు ఎంతకీ కుదిరేవాడు కాదు. నాకు బాగానే ఉన్నాడనిపించేది. ఆయన మాత్రం ఆరకముందే మళ్ళీ ముద్ద చేసేసేవాడు. "ఏం తక్కువైంది వాడికి?" అని ఓసారి గట్టిగా అడిగాను. "అంటించేస్తే మరి బయటికి రాడు కదే," అన్నాడు.

ఆ ఏడు దసరాకి ముందు, ఆయనతో పనిచేసి రిటైరైన ఒకాయన కాకినాడ నుంచి కబురు పెట్టాడు. ఎరువుల ఫ్యాక్టరీలో గేటు దగ్గర ఉద్యోగం చెప్పి ఉంచాను, పండగ వెళ్ళగానే రమ్మను, ఈసారీ రాకపోతే మళ్ళీ నేను అడగలేను అని. అమ్మమ్మ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వాడు బస్సెక్కడు, ఎక్కకపోతే ఆ తలుపుల్లేని గదిలోనే ముసలివాడైపోతాడు, నేను పోయాక కంచం ఎవరు పట్టుకెళ్తారు అని నా దగ్గర ఏడ్చింది. చివరికి ముందు మేడయినా దింపాలని ఓ ఉపాయం పన్నింది. మాకు దసరాకి బొమ్మల కొలువు పెట్టడం అలవాటు; ఏటా ఒక కొత్త బొమ్మైనా చేరాలి. మెట్ల కింద నిలబడి, "ఒరేయ్, ఈసారి కొత్త బొమ్మ నీ బండేరా. నువ్వే తెచ్చి పెట్టాలి, నేను మోయలేను," అని కేకేసింది. పైన కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "డ్రైవర్ని పూర్తిచేసి తెస్తానమ్మా," అని వినపడింది.

చేశాడు. ఈసారి పిసికెయ్యలేదు. కళ్ళు పెట్టమని నాకిచ్చి, పిట్టగోడ మీద ఎండలో ఆరబెట్టాడు. నడుం దాకానే ఉన్నాడు, కాస్త ముందుకు వంగి, దేన్నో చూస్తున్నట్టు.

కొలువు పెట్టే ముందు పెట్టెలోని బొమ్మలన్నీ దించి చూసుకుంటారు. విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదు, అలాగని పారెయ్యనూ కూడదు. పసుపూ కుంకుమా పెట్టి పారే నీళ్ళలో వదలాలి. అమ్మమ్మ ఆ పొద్దున ముక్కు పోయిన చిలకనీ, చెయ్యి విరిగిన పాలమనిషినీ బుట్టలో వేసుకుంది. వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కి దిగింది, ఆ బుట్ట పట్టుకుని రేవుకి వెళ్ళొచ్చింది. మరి కాసేపటికి మావయ్య మెట్లు దిగుతున్న చప్పుడైంది. రెండు చేతుల్లో ట్యాంకు, కళ్ళు మెట్ల మీద. నేను తోరణం కడుతున్నదాన్ని అలాగే ఉండిపోయాను.

"అమ్మా, గోడ మీద ఆరబెట్టినవాడేడీ?"

"ఆ విరిగిపోయినవాడా? నడుం కింద ఏం లేదు కదరా! రేవులో వదిలేశాను."

"విరగలేదమ్మా. వాడంతే," అన్నాడు.

అమ్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. మావయ్య ట్యాంకుని కింది వరసలో జాగ్రత్తగా పెట్టి, చెప్పులు కూడా లేకుండా రేవుకి నడిచాడు. నీళ్ళలోకి దిగుతాడేమో అనే భయంతోనే వెనక పరిగెత్తాను. దిగలేదు. మొదటి మెట్టు మీద ఆగాడు. కాలవ నిండుగా, ఎర్రగా పోతోంది. వెనకే వచ్చిన అమ్మమ్మ చెప్పింది: "మిగతావి మామూలుగా వదిలేశానురా. వాణ్ణి మాత్రం అరటిదొప్పలో పెట్టాను. సిపాయి కదా, మునిగిపోతే చూడలేననిపించింది."

ఆయన కాలవ వాలుకి చూశాడు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో ధవళేశ్వరంలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. "కాకినాడ వెళ్ళిపోయాడన్నమాట వెధవ," అని నవ్వాడు. నవ్వుతూనే భోరుమని ఏడ్చాడు. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మమ్మ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

పండగ వెళ్ళిన తెల్లారే మావయ్య మా తాతయ్యగారి పాత సైకిలు తుడిచి, గాలి కొట్టించి, భుజానికి సంచి తగిలించుకున్నాడు. అంత దూరం సైకిలు మీదేంట్రా, బస్సుకెళ్ళకూడదా అని అమ్మమ్మ మొత్తుకుంది. "కాలవగట్టుకి తలుపుల్లేవమ్మా," అని గట్టెక్కి వెళ్ళిపోయాడు. ఉద్యోగం దొరికింది. గేటు దగ్గర గదిలో కాకుండా బయట కుర్చీ వేసుకుని కూర్చుంటానంటే, ఎండకీ వానకీ ఆయనే పడతాడులే అని ఒప్పుకున్నారట. అంతా బాగైపోయిందని చెప్పను. చివరిదాకా బస్సెక్కలేదు. సెలవుకొచ్చినా సైకిలు మీదే వచ్చి, ఆ తలుపుల్లేని గదిలోనే పడుకునేవాడు. కొత్త డ్రైవర్ని చెయ్యమని నేనడిగితే, "ఉన్నాడుగా, డ్యూటీలో ఉన్నాడు," అనేవాడు.

అమ్మమ్మా లేదు, మావయ్యా లేడు. ట్యాంకు నా దగ్గరుంది. ఏటా కొలువులో కింది వరసలో పెడతాను. చూడ్డానికొచ్చిన పిల్లలు ఇక్కడి మనిషి ఊడిపోయాడని ఆ మూత మూసెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. కాలం గడిచేకొద్దీ అన్నిటి మీదా మూత పడుతుందంటారు. మా ఇంట్లో ఆ ఒక్కటీ ఇంకా తెరిచే ఉంది.