ముప్పై మూడో అక్షరం

డిగ్రీ అయిన ఏడాది చోడవరంలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఉన్నవి నాలుగు మిషన్లు. ఒకదాంట్లో, పత్రికతో పాటు వచ్చిన సీడీ నుంచి, సోర్సు కోడుతో సహా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకున్నాను.

వడ్డాది నుంచి వచ్చే ఒక అమ్మాయి దాని మీద ప్రింటు తీయబోతే చాలు, మిషన్ బిగుసుకుపోయేది. తెర కదలదు, కీబోర్డు పలకదు. మిగతావాళ్లకి ఏమీ అయ్యేది కాదు. తన చెయ్యే మంచిది కాదేమోనని ఆ పిల్ల బెంగపెట్టుకుంది. ఒకరోజు ఆమె ఫైలుని నేనే ప్రింటుకి పంపాను. నాకూ ఆగిపోయింది. అప్పుడు చూశాను: ఫైలుకి తన పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ కలిపి పెట్టింది. పేరు కుదించి పంపితే కాగితం చక్కగా బయటికొచ్చింది.

ప్రింటర్‌ని నడిపే కోడు కెర్నెల్లో ఉంటుంది. మిషన్ మొత్తాన్ని నడిపేది కెర్నెలే కాబట్టి అక్కడ చిన్న పొరపాటు జరిగినా అన్నీ ఆగిపోతాయి. ఆ కోడు ఆరు పేజీలు ఇంటికి పట్టుకెళ్లి రెండు రోజులు చదివాను. దొరకలేదు. మా వదిన లెక్కల ట్యూషన్ చెప్పేది, కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమెను కూర్చోబెట్టి లైను లైనూ చెప్పుకుంటూ పోయాను. ఫైలు పేరు దాచడానికి ముప్పై రెండు గళ్లున్నాయని, సున్నా నుంచి ముప్పై రెండు దాకా లెక్కపెడుతూ గడికో అక్షరం పెడతారని అన్నాను.

వదిన నన్ను ఆపింది. "సున్నా నుంచి ముప్పై రెండు దాకా అంటే ముప్పై మూడు కదేటి? ఆ ఆఖర్ది ఎక్కడికెల్తాది?"

కాగితం లాక్కుని చూశాను. ఆ అక్షరం పక్క గడిలో పడుతోంది. కెర్నెల్ తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా అక్కడే ఉంది. అది చెడిపోతే మిషన్ ఆగుతుంది. తెలిసినవాడెవడైనా కావాలని అక్కడ తనకు పనికొచ్చే అక్షరం పెడితే మిషన్ మొత్తం వాడి చేతిలోకి వెళ్లిపోతుంది.

ఇద్దరం అప్పటికప్పుడు సెంటర్‌కి పరుగెత్తాం. కోడులో ముప్పై రెండు పక్కనున్న ఒక్క సమాన గుర్తు తీసేస్తే లెక్క ముప్పై ఒకటి దగ్గరే ఆగుతుంది. అది తీసేసి కెర్నెల్‌ని మళ్లీ తయారుచేయడానికి గంటన్నర పట్టింది. ఆ పొడవాటి పేరుతోనే ఫైలు పంపాను. ప్రింటర్ కిర్రుమంది. వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది.

మర్నాడు విశాఖపట్నం బస్సెక్కి, అక్కడి ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆ కోడు చూసుకునేవాళ్లకి ఈమెయిల్ పంపాను. వారం తర్వాత మళ్లీ వెళితే జవాబుంది. సవరణ తీసుకున్నామని, కనిపెట్టిందెవరో రాయమని అడిగారు. వదిన పేరు ముందు రాశాను.

ఆ జవాబు ప్రింటు తీసి తెచ్చి చూపిస్తే ఆమె రెండుసార్లు చదివి, "రేపట్నుంచి నాకూ నేర్పు" అంది. ఏడాది తిరిగేసరికి మా సెంటర్లోనే పక్క గదిలో ఆమె ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతోంది.