మీకాత్ రాకముందే తేలాల్సిన తగువు

మదియున్ బజారులో మున్తమా అంటే ఓర్పుకి పెట్టింది పేరు. మొగుడు రెండో పెళ్ళి చేసుకున్నా పల్లెత్తు మాట అనలేదనీ, పైగా సవతికి గిన్నెడు పెచెల్ కలిపి పంపిందనీ, ఆడదంటే అలా ఉండాలనీ మగాళ్ళంతా ఇళ్ళకెళ్ళి పెళ్ళాలకి చెప్పుకునేవాళ్ళు. పెచెల్ పంపిన మాట నిజమే. బజారులో ఆమె అమ్మేదే అది, ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి. ఆ గిన్నెలో మాత్రం గుప్పెడు మిరపకాయలు ఎక్కువ నూరి పోసిందన్న సంగతి ఎవరికీ తెలీదు. సవతి లస్తారి అదంతా తిని, గిన్నె తళతళా తోమి, "చాలా బావుందక్కా" అని కబురు పంపింది. ఆ కబురు విన్నాక మున్తమాకి రెండు పూటలు అన్నం సయించలేదు.

అసూయ లేదట! పొద్దున రోట్లో పల్లీలు నూరుతున్నా, సాయంత్రం బల్ల తుడుస్తున్నా ఆమె కడుపులో కుంపటి రగులుతూనే ఉండేది. కాకపోతే ముఖం మీద నవ్వు చెరగనిచ్చేది కాదు. ఒకసారి మంచిదని పేరు పడ్డాక దాన్నించి బయటపడటం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మొగుడు కస్లాన్ బియ్యం మిల్లులో తూకాలు వేసేవాడు. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ హజ్‌కి పేర్లు రాయించుకున్నారు. ఆ వరసలో మన వంతు రావాలంటే జుట్టు నెరవాల్సిందే కదా. పనయ్యాక అరుగు మీద కూర్చుని కస్లాన్ అదే కబుర్లు చెప్పేవాడు. "విమానంలో మనిద్దరికీ పక్కపక్క సీట్లే ఇస్తార్లే. నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని హాయిగా నిద్దరపో. జెద్దా వచ్చాక నేను లేపుతాను" అనేవాడు. "నీ భుజం ఎముకలే, గుచ్చుకుంటాయి" అని ఆమె వెక్కిరించేది. లోపల మాత్రం ఆ మాటే దాచుకుని బతికింది.

తరవాత పక్కూరి మిల్లుకి మారాడు. అక్కడ చెరిగే పని చేసే లస్తారిని చేసుకున్నాడు. వారంలో సగం ఇక్కడ, సగం అక్కడ. అక్కడినించి వచ్చేటప్పుడు భుజాన సంచీ, సంచీ నిండా విడిచిన బట్టలు. సుఖపడేది అక్కడ, మురికి తెచ్చేది ఇక్కడికి! మున్తమా ఆ బట్టలు బండకేసి బాదుతుంటే బొత్తాలు ఎగిరిపడేవి. "ఎంత శుభ్రంగా ఉతుకుతావో, మున్తమా!" అనేది గోడ అవతలి నించి పక్కింటావిడ.

నిరుడు కస్లాన్ పోయాడు. హజ్ వంతు అప్పుడే దగ్గరపడింది. చనిపోయినవాళ్ళ చోటు ఇంట్లోవాళ్ళకి ఇవ్వచ్చు, అందరూ ఒప్పుకోవాలంతే. కొడుక్కి కొలువు వదిలి వెళ్ళే వీల్లేదు. "చిన్నమ్మని పంపుదామా అమ్మా? ఆవిడకి మాత్రం ఎవరున్నారు?" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. అందరూ ఓర్పుగల మున్తమా వంకే చూశారు. "దానికేం, భేషుగ్గా రమ్మను" అంది ఆమె నోరు. ఆ నోటిని చేత్తో మూసేయాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

ఆ విధంగా కస్లాన్ సీట్లోకి లస్తారి వచ్చింది.

ప్రయాణానికి ముందు ఉస్తాద్ మహ్‌రుస్ మసీదు ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు మూడేసి చొప్పున వరసగా వేయించి, మధ్యలో దారి వదిలి, అందరినీ విమానంలోలాగా కూర్చోబెట్టి నేర్పించాడు. "ఇది మీ ఇంటి వాలుకుర్చీ కాదమ్మా. పది గంటలు ముడుచుకుని కూర్చోవాలి. మడమలు గుండ్రంగా తిప్పండి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి. మెడకి మెత్తటిదేదైనా పెట్టుకోండి. నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూనే ఉండండి. మరుగుదొడ్డికి లేవాల్సొస్తుందని బద్ధకించి నోరు కట్టుకున్నారో, కాళ్ళు గుమ్మడికాయలే!" అందరూ నవ్వారు. "ఇంకో మాట. మనకి మీకాత్ గాల్లోనే వస్తుంది. ఆ హద్దు వచ్చిందని విమానంలో చెప్తారు. అక్కడ సంకల్పం చెప్పుకుని ఇహ్రామ్ దీక్షలోకి వెళ్ళామంటే ఇక తగువుల్లేవు, తిట్లు లేవు, అబద్ధాలు లేవు. మనసులో ఏమున్నా అంతకుముందే కడుక్కోండి" అన్నాడు.

అందరూ తలలూపారు. మున్తమాకి మాత్రం ఆ మాట ఇంకో రకంగా వినపడింది. అంటే మీకాత్ దాకా తగువు ఆడొచ్చన్నమాట! ఇన్నేళ్ళూ మింగిందంతా ఆ విమానంలోనే కక్కేయాలి, ఆ హద్దు దాటితే ఇక వీలుపడదు. కక్కకుండా వెళ్తే హజ్ మొత్తం కడుపులో కుంపటితోనే చేయాలి. ఆ రోజే నిశ్చయించుకుంది.

సురబాయాలో పొద్దున్నే విమానం ఎక్కారు. మోకాలి నొప్పి మూలాన మున్తమాకి దారి పక్క సీటు ఇచ్చారు. లస్తారి మధ్యలో. కిటికీ దగ్గర పొరుగూరి పెద్దావిడ, బెల్టు పెట్టుకోగానే నోరు తెరుచుకుని నిద్రలోకి జారిపోయింది. అలాంటి నిద్ర చూసి కూడా మున్తమాకి కుళ్ళే పుట్టింది.

విమానం పైకి లేచి స్థిమితపడ్డాక మున్తమా బజారులో కొన్న గాలి దిండు తీసింది. బుగ్గలు నొప్పెట్టేలా ఊది మెడకి తగిలించుకుంది. అది ఉస్సురుమంటూ నిమిషంలో చప్పబడింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ ఉస్సు. పక్కన లస్తారి సంచీలోంచి తన దిండు తీసింది. ఇంట్లో కుట్టుకున్నది. బూరుగు దూది కూరి, మెడ చుట్టూ వంపుగా, కుట్టు కనపడకుండా ఎంత ముచ్చటగా ఉందో! దాని పనితనం చూసి ఒకసారి మండిందా, దాని గుడ్డ చూసి మున్తమా ఒళ్ళంతా భగ్గుమంది.

ఆకుపచ్చ గళ్ళు. అంచున గోధుమరంగు చార. కస్లాన్ లుంగీ అది! రంజాన్ పండక్కి తను ఏరి కొన్నది. ఆయన పోయాక తలుపు వెనక మేకుకి అలాగే ఉంచింది, ఉతకలేదు. ఏడో రోజు ప్రార్థనలయ్యాక చూస్తే లేదు. ఇల్లంతా గాలించింది. కోడలు నేలగుడ్డ చేసేసిందని దాన్ని నానా మాటలూ అంది. ఆ పిల్ల ఒట్లు పెట్టుకుని ఏడ్చింది కూడా.

అయితే ఇంకొకటి దీనికీ ఇచ్చాడా? ఒకే రకం లుంగీలు రెండు కొని, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ! నాకు పండగైతే దీనికీ పండగే! మున్తమా లోపల పళ్ళు నూరుకుంది, పైకి నవ్వుతూ మిఠాయి బిళ్ళ అందించింది. లస్తారి తీసుకుంది గానీ నోట్లో వేసుకోలేదు.

భోజనం వచ్చింది. లస్తారి ముట్టలేదు. నీళ్ళ సీసా మూత తీయలేదు. కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కొయ్యబొమ్మలా కూర్చుంది. మున్తమా మాత్రం ఉస్తాద్ చెప్పినట్టు మడమలు తిప్పింది, గుక్కగుక్కా తాగింది, లేచి అటూ ఇటూ నడిచింది. వచ్చి కూర్చున్నప్పుడల్లా ఓరగా లస్తారి పాదాలు చూసేది. మేజోళ్ళ అంచు మాంసంలోకి దిగబడుతోంది. 'నీళ్ళు తాగవే' అనడానికి ఎంతసేపు? అనలేదు. అవనీ గుమ్మడికాయలు, అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసింది గానీ, అనుకోవడం మానలేదు.

చాలాసేపటికి విమానంలో గొంతు వినపడింది. కాసేపట్లో మీకాత్ దగ్గరికి చేరతామనీ, వజూకి కాళ్ళూ చేతులూ కడుక్కునేవాళ్ళు కడుక్కోవాలనీ. అంతా కదిలారు. మున్తమా పక్కకి తిరిగింది. ఇప్పుడు తప్పితే ఇంకెప్పుడూ లేదు.

"ఏమే లస్తారీ, ఆ దిండు గుడ్డ ఎక్కడిది?"

లస్తారి ఉలిక్కిపడలేదు. ఎవరో కట్లు విప్పినట్టు ఊపిరి వదిలింది. "హమ్మయ్య, అడిగారా! ఎక్కిన దగ్గర్నించీ మీ ఎదురుగానే పెట్టుకు కూర్చున్నాను. అడగరేంటా అని ప్రాణం పోతోందక్కా."

"ఎక్కడిదంటే చెప్పవేం? ఆయన కొనిచ్చాడా?"

"కొనివ్వలేదు. మీ ఇంట్లో తలుపు వెనక మేకుకి ఉంటే దొంగిలించాను. ఏడో రోజున. పైట కింద పెట్టుకుని తీసుకెళ్ళిపోయాను."

మున్తమా ఏళ్ళ తరబడి దాచుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అందులో ఒక్కటి బయటపడింది. "దొంగముండా! నీ ఇంట్లో ఆయన బట్టలు లేవా, నా ఇంటి మీద పడ్డావు?"

"లేవు."

"ఏంటి లేవు?"

"ఒక్కటంటే ఒక్కటి లేదక్కా. సంచీతో వచ్చేవాడు, సంచీతో వెళ్ళేవాడు. బనీను కూడా వదిలేవాడు కాదు. విడిచిన లుంగీ ఇలా ఇవ్వండి, ఉతికేస్తానని ఎన్నిసార్లు అడిగానో. 'వద్దులే, ఇంటికి పట్టుకెళ్తాను, మున్తమా ఉతుకుతుంది' అనేవాడు. ఇంటికట! నా ఇంట్లో నిలబడి, నా చేతి కాఫీ తాగుతూ, ఇంటికి అంటాడు! మీ ఇంటి మీదుగా బజారుకెళ్ళినప్పుడల్లా దండెం మీద ఆయన బట్టలు ఆరేసి ఉండేవి. అవి చూస్తే నాకు కడుపు రగిలిపోయేదక్కా. ఎంత అదృష్టవంతురాలో అని మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో! ఆయన పోయాక వాసన చూసుకుందామంటే ఇంట్లో దారప్పోగు లేదు." కళ్ళు తుడుచుకుంది. "దొంగసొత్తు మెడకేసుకుని ఇహ్రామ్‌లోకి ఎలా వెళ్ళను? తిట్టండి, కొట్టండి, హద్దు దాటేలోపల క్షమించానని ఒక్క మాట అనండి. అది తేలేదాకా గుక్కెడు నీళ్ళు గొంతు దిగట్లేదు."

ముందుగా మున్తమాకి కలిగింది జాలి కాదు, సంతోషం. పట్టరాని, పాపిష్టి సంతోషం. బనీను కూడా వదల్లేదా! ఇంటికి అన్నాడా! బండకేసి బాదిన ఆ బట్టల కోసమా ఇది కుళ్ళి చచ్చింది! నవ్వు తన్నుకొచ్చింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది ఏడుపైపోయింది. కిటికీ దగ్గరి పెద్దావిడ ఒక కన్ను తెరిచి, ముందస్తుగానే భక్తి పొంగిందనుకుని, "ఆమీన్" అని మళ్ళీ మూసుకుంది.

"ఆ పెచెల్‌లో మిరపకాయలు కావాలనే పోశాను" అంది మున్తమా ముక్కు చీదుకుంటూ.

"తెలుసక్కా. మూడు రోజులు తిండి లేదు నాకు."

"మరి బావుందన్నావ్?"

"మిమ్మల్ని ఉడికిద్దామని."

"అమ్మ దొంగా!" అంది మున్తమా. నీళ్ళ సీసా మూత తీసి దాని నోటికి ఆనించింది. "తాగు. అంతా తాగు. కాలిలా పెట్టు. ఉస్తాద్ చెప్పిందేదీ చెవికెక్కలేదా నీకు?" మేజోళ్ళు లాగేసి, వంగలేక వంగి, ఆ వాచిన మడమలు తనే పట్టుకుని గుండ్రంగా తిప్పింది. లస్తారి 'అబ్బా' అంటే, "అబ్బా లేదు, అమ్మా లేదు" అంది. మరుగుదొడ్డికి తీసుకెళ్ళి తలుపు బయట కాపలా నిలబడింది. వెనక వరసలో ఉన్న సొంతూరి ఆడవాళ్ళు చూసి, ఇలాంటి సవతి ఎక్కడైనా ఉంటుందా అని మెచ్చుకున్నారు. మున్తమాకి ఈసారి మాత్రం ఆ మెప్పు గుచ్చుకోలేదు.

తిరిగొచ్చి కూర్చున్నారు. ఇహ్రామ్ సంకల్పానికి అందరూ సర్దుకుంటున్నారు.

"క్షమించినట్టేనా అక్కా?"

"దొంగతనం క్షమించాను. కోడల్ని అన్న మాటలకి జెద్దాలో దిగగానే ఫోన్ చేసి దాన్ని బతిమాలుకోవాలి, అది నీ పుణ్యమే. కానీ దిండు ఊరికే వదలను. వెళ్ళేటప్పుడు నీ మెడకి, వచ్చేటప్పుడు నా మెడకి. ఇప్పుడు ఒకసారి ఇలా ఇయ్యి."

లస్తారి మెడలోంచి తీసి రెండు చేతులతో ఇచ్చింది. మున్తమా దాన్ని ముఖానికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని, లోపలికంటా పీల్చింది. బూరుగు దూది వాసన. లస్తారి తలనూనె వాసన. మన ముసలాళ్ళందరూ పూసుకునే కాయుపుతి తైలం వాసన. ఇంకా లోపలికి ముక్కు పెట్టి వెతికింది. మిల్లు తవుడు, లవంగం సిగరెట్టు, ఆయన చెమట, ఏదీ లేదు. ఏడాదిగా ఇది రోజూ దేన్ని వాసన చూస్తోందో!

లస్తారి చంటిపిల్లలా ఆమె ముఖంలోకే చూస్తోంది. "వస్తోంది కదూ అక్కా? కొంచెం తగ్గింది గానీ, ఇంకా వస్తోంది కదూ?"

హద్దు వచ్చిందన్న మాట ఇంకా వినపడలేదు.

"వస్తోందే" అంది మున్తమా. "అచ్చం ఆయనే."