మావయ్య తీసిన మట్టి అచ్చులు

మొన్న ఫిలింనగర్‌లో ఒక సినిమా ఆఫీసుకి రమ్మన్నారు. చమురు బావుల మీద కథట, ఆ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక నాలుగు వివరాలు చెప్పాలట. వెంగళరావు నగర్ నుంచి ఆటో కట్టించుకుని వెళ్తే, కథ రాస్తున్నాయన, "బాయి తవ్వే బిట్టు ఇరుగుతనే ఉంటది సార్, గప్పుడు మన హీరో అమెరికాల చదివొచ్చి కొత్త డిజైన్ గీస్తడు. రిగ్గు మీది డ్రిల్లర్‌ది కామెడీ రోల్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కామెడీ అట! మా మేనమామ డ్రిల్లరే, రిగ్గు మీద తవ్వే యంత్రం నడిపేవాడు, పదో తరగతి చదివిన మనిషి. గోదావరి జిల్లాలో ఆయన పనిచేసే రిగ్గుకే నేను కొత్త ఇంజనీరుగా వెళ్లాను. అక్కడి నేల మహా మొండిది: కాసేపు జిగట బంకమట్టి, ఆ వెంటనే గట్టి రాయి, రాయి తగిలీతగలగానే పైపుల కొసన తిరిగే బిట్టు పళ్లు ఊడిపోయేవి, దాన్ని మార్చాలంటే బావిలోని పైపులన్నీ పైకి లాగాలి. మా పెద్ద ఆఫీసర్లేమో ఆ బిట్టుని తుక్కులో పారేయించి, నడిపినవాడిదే తప్పంటూ మావయ్య పేరున మెమో పంపేవారు.

మావయ్య ఆ తుక్కులోంచే బిట్లు ఏరి, కడిగి, బంకమట్టి ముద్ద మీద నొక్కి అచ్చులు తీసి, ఏ లోతులో విరిగిందో సుద్దముక్కతో రాసి, షెడ్డులో వరసగా ఆరబెట్టేవాడు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "చూడరా అల్లుడూ, లోపలి పళ్లకి ఏమీ కాలేదు, పోయేవన్నీ బయటి వరసవే. అవి పొట్టిగా, ఒత్తుగా ఉండాలి" అన్నాడు. నేను బొమ్మ గీసి పంపాను, అలాగే చేయించారు. అంతకుముందు మూడు బిట్లను తినేసిన రాయిని ఆ ఒక్క బిట్టే దాటేసింది.

ఆ బిట్టు గురించి నేను రాసిన రిపోర్టులో మావయ్య పేరు పెడితే మా చీఫ్ కొట్టేశాడు, డ్రిల్లరు పేరేమిటయ్యా, పైగా మీ మావయ్యట, నలుగురూ నవ్వుతారన్నాడు. సిగ్గులేకుండా ఊరుకున్నాను. రిపోర్టు అచ్చయ్యాక పట్టుకెళ్లి చూపిస్తే మావయ్య కళ్లజోడు పెట్టుకుని, ప్రతి పేజీ మీదా వేలు పెట్టి వెతికాడు, చివరి అట్ట దాకా. "బాగుందిరా" అని నా చేతికిచ్చేశాడు.

ఇప్పుడు బిట్ల డిజైన్లు కంప్యూటర్లలోనే తయారవుతున్నాయట, అచ్చులు తీసే ఓపిక ఎవరికుంటుంది, ఆ షెడ్డూ లేదు, మావయ్యా లేడు. ఆ చీఫ్‌ని మాత్రం ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, ఆ రిపోర్టు కింద సంతకం నాదే.