పాయింట్లు చెప్పిన మైలవరం అమ్మాయి

మొన్న మా అన్నయ్య కూతురు ఇంటికి వచ్చి ఫోనులో ఏదో సమీకరణం కొట్టగానే, సైన్ గీత తనంతట తానే మెలికలు తిరుగుతూ తెర మీదికి వచ్చేసింది. "చూశావా అత్తా, ఎంత ఈజీయో!" అంది. ఈజీయే, కాదనను. నా మనసు మాత్రం తొంభైలలో బెజవాడలో ఇంటర్ చదివిన రోజులకి వెళ్ళిపోయింది.

మాది కంకిపాడు. బస్సెక్కితే ఇట్టే చేరిపోయే దూరమే గాని, లెక్కలు బాగా వచ్చే పిల్లని ఇంట్లో ఉంచితే చదువు పాడవుతుందన్న భయం ఆ రోజుల్లో మన పెద్దవాళ్ళందరికీ ఉండేది కదా, అందుచేత నాన్న నన్నూ, నా రేకు పెట్టెనీ, ఆవకాయ సీసానీ హాస్టల్లో దింపి వెళ్ళారు. గేటు ముందునుంచే మా ఊరి బస్సు వెళ్ళేది. ఇల్లు దూరంగా ఉంటే సర్దుకుపోతాం గాని, అలా కళ్ళెదుటే బోర్డు తగిలించుకుని వెళ్ళిపోయే బస్సు మహా ఏడిపిస్తుంది. అంతమంది ఆడపిల్లల్లో మాట్లాడే తోడు లేక, అన్నం ముందు కూర్చుని కూడా ఫార్ములాలు వల్లిస్తున్నట్టు నటించేదాన్ని.

అప్పుడు స్టడీ హాల్లో నా పక్కకి మైలవరం అమ్మాయి వచ్చింది. తనకి లెక్కలంటే దడ, నాకు మనుషులంటే బెరుకు. తను పట్టిక చూసి విలువలు చదివేది, నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టేదాన్ని. "ముప్ఫైకి అర, తొంభైకి ఒకటి, నూట ఎనభైకి మళ్ళీ సున్నా... ఏవిటే ఇది, అంత ఎక్కిందీ దిగడానికేనా?" అని విసుక్కునేది. ఆ హాస్టల్లో నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

అయితే మా కాలేజీలో నెలనెలా పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చేసేవారు. మార్కులు తగ్గినవాళ్ళని పెట్టే బేడాతో సహా ఆటోనగర్ వైపున్న ఇంకో బిల్డింగుకి పంపేవారు. "నేనెలాగూ అటే పోతానే, నువ్వు బాగా రాసుకో" అని తను కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తను వెళ్ళిపోతే మళ్ళీ ఒంటరిదాన్నైపోతానన్న భయంతో, నేనూ తనతోపాటే పోదామని, పరీక్షలో సరళరేఖల లెక్కలన్నీ వచ్చి కూడా, అక్షాలు గీసి ఊరుకున్నాను. తీరా లెక్చరరుగారు పేర్లు చదివితే తను ఉన్నచోటే ఉంది, వెళ్ళాల్సినవాళ్ళలో నా పేరుంది. నా పక్కనే ఉండాలని తెల్లవారుజామున కుళాయి దగ్గర వరసలో నిలబడి కూడా ఫార్ములాలు బట్టీ పట్టిందట, నేను పెట్టె సర్దుకుంటుంటే వెక్కుతూ చెప్పింది. మా తెలివి అలా ఏడిచింది. నేనెందుకు లెక్కలు వదిలేశానో చెప్పకుండానే పెట్టెకి తాళం వేసుకున్నాను.

తరువాతి పరీక్షకి కసిగా చదివి వెనక్కి వచ్చాను. "పోన్లేమ్మా, దార్లో పడ్డావు" అని నాన్న మురిసిపోయారు. స్టడీ హాల్లోకి వెళ్ళేసరికి తను వేరే అమ్మాయికి విలువలు చదువుతోంది. నన్ను చూసి సంతోషంగానే చెయ్యూపింది. తనని అనడానికేముంది, గ్రాఫుకి ఇద్దరు చాలు, మూడో మనిషికి పనుండదు. నేను వెనక బెంచీలో కూర్చుని, నా విలువలు నేనే చదువుకుంటూ, నా చుక్కలు నేనే పెట్టుకుంటూ మిగతా ఇంటరంతా గడిపేశాను.

ఇప్పటి పిల్లలు ఏ బిల్డింగులో ఉన్నా, ఏ ఊళ్ళో ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు. స్నేహితురాలి పక్కన కూర్చోవడానికి వచ్చిన లెక్క వదిలేయాల్సిన అవసరం వాళ్ళకి రాదు, మంచిదే. ఆ తరువాత నాకు ఉద్యోగం వచ్చింది, సంసారం వచ్చింది, చుట్టూ మనుషులు వచ్చారు. కానీ ఒక మనిషి పక్కన చోటు కోసం అంతగా ఆరాటపడింది మాత్రం మళ్ళీ లేదు.